సిమెంటు కట్టు మీద మామిడి పూత

మా ఇంట్లో రంగులు ఆదివారం మధ్యాహ్నాలే బయటికి వచ్చేవి. ఆ రూలు పెట్టింది నేనే. భోజనాలయ్యాక హాల్లో ఒక మూల మా ఆయన పాత లుంగీ పరిచి, అంచులు లేవకుండా బరువు పెట్టేదాన్ని. నీళ్ళకి ప్లాస్టిక్ కప్పు కాదు, అడుగు మందంగా ఉండే స్టీలు గ్లాసు. గమ్ము సీసా పిల్లల చేతికి ఇవ్వను. పాత ఐస్‌క్రీం కప్పులో కాస్త వేసి ఇస్తాను. మెరుపుల పొడి అయితే పెరట్లోనే, అదీ గాలి లేనప్పుడే. ఎన్ని చేసినా సోమవారం ఉదయం ఊడుస్తుంటే సోఫా కింద నుంచి కాగితం ముక్కలు వస్తూనే ఉండేవి. థర్మాకోల్ ఉండలు చీపురుకి దొరకవు. చీపురు అటు వెళ్తే అవి ఇటు ఎగురుతాయి. ఒకసారి మా ఆయన కంచంలో, పప్పన్నం మీద, ఒక వెండి చుక్క మెరిసింది. ఆయన దాన్ని వేలితో తీసి వెలుతురులో పెట్టి చూసి, కంచం అంచున పెట్టి భోంచేశారు.

మాకు ఇద్దరమ్మాయిలు. పెద్దది అయిదో తరగతి, చిన్నది ఒకటి. పెద్దది కత్తెర పట్టుకుంటే గీసిన గీత మీద నుంచి వెంట్రుకవాసి పక్కకి పోదు. చిన్నది దేన్నీ కత్తిరించదు, చింపుతుంది. చింపి, నలిపి, అంటించి, దాని మీద రంగు పోసి, అది ఏమవుతుందో చూస్తూ కూర్చుంటుంది. ఇద్దరికీ సరుక్కి లోటు లేదు. మా ఆయనది మామిడి వ్యాపారం. ఇంటి ముందు వాటా కొట్టు, వెనక వాటాలో మేం. సీజను లేనప్పుడు కొట్టు నిండా మడతపెట్టిన అట్టపెట్టెలు, కాయల మధ్య వేసే కాగితం తురుము, గోనెసంచులు, పురికొసలు. నూజివీడులో మామిడి వ్యాపారి ఇంట్లో పుట్టిన పిల్లలు అట్టముక్క కోసం ఎవరినైనా అడగాలా?

చలి ఇంకా పూర్తిగా పోని ఒక ఆదివారం, పెద్దది స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళింది. చిన్నది ఒక్కతే కూర్చుని రంగులు వేస్తోంది. నేను మేడ మీద ఆరిన బట్టలన్నీ గడ్డం దాకా పోగేసుకుని మెట్లు దిగి వస్తున్నాను. "అమ్మా, అయిపోయింది. నీళ్ళు నేనే పారబోస్తా," అని అరిచింది. మామూలుగా పారబోసేది నేను. "జాగ్రత్తమ్మా," అన్నాను.

అది చాలా జాగ్రత్తగానే వెళ్ళింది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గ్లాసు మీదే పెట్టి, హాల్లోంచి వాష్‌బేసిన్ దాకా అడుగులో అడుగు వేసుకుంటూ. అడుగడుక్కీ కాసిని నీళ్ళు తొణికాయి. అది దానికి కనపడలేదు. చేతుల్లో బట్టలతో నాకూ కనపడలేదు.

పడ్డాక నాకు ముందు నొప్పి తెలియలేదు. తెల్లటి టైల్స్ మీద ఊదారంగు నీళ్ళ చుక్కలు వరసగా, ఎవరో కావాలని పెట్టిన ముగ్గు చుక్కల్లా కనిపించాయి. ఆ చుక్కల చివర వాష్‌బేసిన్ దగ్గర మా చిన్నది మునివేళ్ళ మీద నిలబడి గ్లాసు వంచుతోంది. "మొత్తం పారబోసేశానమ్మా," అంది గర్వంగా. తర్వాత వెనక్కి తిరిగింది.

మా ఆయన కొట్లోంచి పరిగెత్తుకొచ్చారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే, చీలమండ పైన ఎముక విరిగిందన్నారు. మోకాలి కింద నుంచి వేళ్ళ దాకా సిమెంటు కట్టు వేశారు. నెలన్నర కాలు కింద పెట్టకూడదు.

మర్నాడు ఉంగుటూరు నుంచి మా అత్తయ్య బస్సెక్కి వచ్చింది. ఆవిడ అక్కడ మా బావగారి దగ్గర ఉంటుంది. వరి పొలాలు, పశువులు, పెద్ద వాకిలి, అంత ఇల్లూ ఆవిడ చేతి మీద అద్దంలా ఉంటుంది. మా ఇద్దరికీ పెద్దగా మాటలుండేవి కావు. గొడవలూ ఉండేవి కావు. ఇద్దరం శుభ్రం మనుషులం. ఒకరి వంటగదిలోకి ఒకరం వెళ్ళినప్పుడు డబ్బాల మూతల వంక చూసుకునేవాళ్ళం, అంతే.

ఆవిడ వస్తూనే నా కాలు చూసింది, తర్వాత నేల చూసింది. ఎలా పడ్డానో పెద్దది చెప్పింది. అత్తయ్య చిన్నదాన్ని ఒక్క మాట అనలేదు. రంగుల డబ్బాలు, కుంచెలు, గమ్ము, మెరుపులు, కత్తెరలు, అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, పురికొసతో కట్టి, మా ఆయన చేత అటక మీద పెట్టించింది.

"ఇంట్లో ముందు మనుషులు నడవాలి అమ్మాయ్," అంది నాతో. "బొమ్మలు బళ్ళో వేసుకుంటారు."

నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. మంచం మీంచి నేను కదల్లేను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. రంగులు ఎవరు తుడుస్తారు?

నాలుగు రోజుల్లో ఇల్లు మెరిసిపోయింది. పొద్దున్న కిటికీలోంచి ఎండ వచ్చి నేల మీద పడితే, ఒక్క ముక్క, ఒక్క మరక ఉండేది కాదు. ఎండ ఒక్కటే ఉండేది. నేను ఆ ఎండని చూస్తూ పడుకునేదాన్ని. నొప్పి మాత్రలు వేసుకుంటే మధ్యాహ్నాలు ఒక రకమైన మగత కమ్మేది. నిద్ర కాదు, మెలకువ కాదు. కొట్లో మా ఆయన ఎవరితోనో మాట్లాడుతున్న మాటలు నీళ్ళ అడుగు నుంచి వినిపిస్తున్నట్టు ఉండేవి. సాయంత్రం మంచు దిగే వేళకి ఊరి చుట్టూ ఉన్న తోటల నుంచి పూత వాసన కిటికీలోకి వచ్చేది. తీపీ కాదు, వగరూ కాదు. ఆ వాసన ముక్కుకి తగిలితే నా మంచం నేల మీంచి కాస్త పైకి లేచి ఆగినట్టు అనిపించేది. కళ్ళు మూస్తే రంగులు. ఊదా, పసుపు, మళ్ళీ ఊదా. కళ్ళు తెరిస్తే తెల్లటి గోడ, తెల్లటి కట్టు.

నాకు ముందు తట్టింది నిశ్శబ్దం. చిన్నది నా గది లోపలికి రావడం లేదు. గడప దగ్గర నిలబడి "అమ్మా, స్కూలుకి వెళ్తున్నా," అని చెప్పి వెళ్ళిపోతుంది. సాయంత్రం వచ్చి అక్కడే నిలబడి "వచ్చా," అంటుంది. తర్వాత ఇంకోటి గమనించాను. అది మంచినీళ్ళు కూడా వంటింట్లో గట్టు దగ్గరే తాగి, గ్లాసు అక్కడే పెట్టేస్తోంది. గ్లాసు పట్టుకుని ఒక్క అడుగు వెయ్యడం లేదు. భోజనాల దగ్గర వాళ్ళ నాన్న "చెంబు అందుకో తల్లీ," అంటే చేతులు వెనక్కి పెట్టుకుంది.

పెద్దది ఒక రోజు నా పక్కన చేరి గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మా, చెల్లి స్కూల్లో కూడా బొమ్మలు వెయ్యట్లేదంట. మిస్ అడిగితే చెయ్యి నొప్పి అందంట."

ఆ సాయంత్రం దాన్ని లోపలికి పిలిచాను. గడప దాటింది కానీ మంచం దగ్గరికి రాలేదు.

"నీ వల్ల పడలేదే నేను," అన్నాను.

"నా వల్లే. నీళ్ళు నేనేగా తీసుకెళ్ళింది."

ఆరేళ్ళ పిల్ల ముందు అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? "సరే, ఆ నీళ్ళ మీదే జారాను. నువ్వు కావాలని పోశావా?"

"లేదు."

"మరింకేంటి?"

"కానీ పడ్డావుగా," అంది. కాసేపు నా కాలి వంక చూసి వెళ్ళిపోయింది.

పూత టైములో మా ఆయన రోజూ చాట్రాయి వైపు తిరుగుతారు. తోటలు చూసి, పూత ఎలా ఉందో, ఎంత నిలుస్తుందో అంచనా కట్టి, కాపు కొనడానికి మాట్లాడుకుంటారు. ఏటా ఒక రోజు నన్నూ పిల్లల్నీ బండి మీద తీసుకెళ్తారు. నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజు అదే. చెట్టు కింద నిలబడితే నెత్తిన పసుపు పొడి రాలుతుంది, తేనెటీగల మోత చెట్టే ఝుమ్మంటున్నట్టు ఉంటుంది. ఈసారి ఆ రోజు లేదు.

"ఒక్క కొమ్మ విరిచి తీసుకురండి," అని అడిగాను.

"పూత కొమ్మ విరవడమేంటి? తోటాయన చూస్తే మళ్ళీ గేటు లోపలికి రానిస్తాడా?" అన్నారు. ఆయన కూడా విరవలేరని నాకు తెలుసు. కొమ్మని చూస్తే ఆయనకి కాయలే కనిపిస్తాయి. బదులుగా ఫోన్లో ఫోటోలు తీసుకొచ్చారు. మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ చూపిస్తుంటే, గడప దగ్గర ఉన్న చిన్నది మెల్లగా వచ్చి ఆయన భుజం పక్క నుంచి తొంగి చూసింది.

"ఇదేంటి నాన్నా, పూత పసుపు కదా? ఎర్రగా ఉందేంటి?"

"కాడ ఎరుపమ్మా. దాని మీద పువ్వు పసుపు. దూరం నుంచి చూస్తే రెండూ కలిసిపోతాయి."

"నాకు ఫోన్లో సరిగా ఆనట్లేదు," అన్నాను. అది నిజమే, మాత్రల మగతలో అన్నీ మసగ్గా ఉన్నాయి. "ఎవరైనా పెద్దగా వేసి చూపిస్తే బావుండు."

"రంగులు అటక మీద ఉన్నాయిగా," అంది చిన్నది. అని మళ్ళీ గడప దగ్గరికి వెళ్ళిపోయింది.

తర్వాతి రోజు స్కూలు నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా మంచం దాకా వచ్చింది. ఒక వేలు చాపి నా కట్టుని ముట్టుకుంది.

"గోడలాగా ఉంది."

"ఆ, గోడే. గోడల మీద వేస్తే తిడతానుగా నేను. దీని మీద వేస్తే తిట్టను."

"నొప్పెట్టదా?"

"అస్సలు పెట్టదు."

వేలితో కట్టు మీద పైనుంచి కిందికి ఒక గీత గీసి చూసింది. "నీళ్ళు వద్దు," అంది చివరికి. "నీళ్ళు లేకుండా అయితే వేస్తా."

నీళ్ళు లేకుండా ఏ రంగు కలుస్తుందో నాకు తోచలేదు. అప్పుడు చూశాను, గుమ్మంలో మా అత్తయ్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. చూస్తుండగానే వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ వచ్చేసరికి చేతిలో స్టీలు పళ్ళెం, అందులో ఒక పక్క పసుపు, ఒక పక్క కొబ్బరినూనె గిన్నె, ఆవిడ తమలపాకుల సున్నం డబ్బా, కాటుక భరిణె, అగ్గిపుల్లలకి దూది చుట్టి చేసిన కుంచెలు. మోకాళ్ళు పట్టుకుని కష్టం మీద నేల మీద కూర్చుంది.

"ఇటు రావే. నీళ్ళు లేకుండా ఎరుపు చేస్తాను, చూస్తావా?"

పసుపు తీసి అరచేతిలో పోసుకుంది. దాని మీద చిటికెన వేలితో కాస్త సున్నం పెట్టి, బొటనవేలితో రుద్దింది. పసుపు మధ్యలో ముందు ఒక నారింజ మచ్చ లేచింది. రుద్దుతున్న కొద్దీ అది ముదిరి, ముదిరి, పారాణి ఎరుపైంది. మా చిన్నది ఊపిరి బిగబట్టి ఆ అరచేతి మీదికి వంగింది.

"ఎలా వచ్చింది నానమ్మా? ఎరుపు ఎక్కడుంది అందులో?"

"ఏమో. మా అమ్మ కలిపేది, నేనూ కలుపుతున్నా. నువ్వూ కలుపు."

పిల్ల అరచేయి చాపింది.

ఆ సాయంత్రం నా కట్టు మీద కొమ్మ మొదలైంది. కాటుకతో మోటుగా ఒక గీత, చీలమండ దగ్గర నుంచి మోకాలి దాకా. దాని మీద ఎర్ర కాడలు. కాడల మీద నూనెలో కలిపిన పసుపు చుక్కలు. ఆకుల కోసం పెరట్లో చిక్కుడు పాదు నుంచి ఆకులు కోసుకొచ్చి, వాటినే కట్టు మీద రుద్దింది. పచ్చటి పసరు సిమెంటులోకి ఇంకింది. దుప్పటికి నూనె అంటింది, నేల మీద పసుపు పడింది, నా కాలి వేళ్ళకి కాటుక. నాకు కట్టు లోపల ఏమీ తెలియడం లేదు కానీ, పైన ఆ దూది పుల్ల కదులుతుంటే ఎక్కడో దూరంగా నా ఒంటి మీద ఎవరో నడుస్తున్నట్టు ఉంది. చూస్తూ చూస్తూ నిద్రలోకి జారాను.

అటక మీద పెట్టె దిగడానికి ఇంకెంతో కాలం పట్టలేదు. దింపమన్నది కూడా అత్తయ్యే.

"పిల్ల చెంబు పట్టుకోడానికి భయపడుతోంది అమ్మాయ్," అంది నా తల దువ్వుతూ. "ఇల్లు శుభ్రంగా ఉంచాననుకున్నాను. అంత శుభ్రం ఏం చేసుకుంటాం?"

ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. ఆవిడ కూడా అనుకోలేదేమో, వెంటనే జడ గట్టిగా లాగి అల్లేసింది.

ఆ తర్వాత సంగతి పెద్దది చేతిలోకి తీసుకుంది. "అమ్మ తోటకి రాలేదు కాబట్టి తోటనే ఇక్కడ పెట్టేద్దాం," అని ప్రకటించింది. ఇక రోజూ స్కూలు నుంచి రాగానే నా గదిలో పని. పెద్దది అట్టలు, పాత క్యాలెండర్ కాగితాలు ఆకులుగా కత్తిరించేది, ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు. చిన్నది కొట్లోంచి కాగితం తురుము తెచ్చి పసుపులో పొర్లించి, గుప్పిళ్ళతో నలిపి పూత చేసేది. అత్తయ్య మైదా ఉడికించి గిన్నెడు జిగురు చేసింది. వాటిని గోడలకి అంటించారు, కిటికీ ఊచలకి కట్టారు. మా ఆయన్ని స్టూలు ఎక్కించి, ఈ గోడ నుంచి ఆ గోడకి నా మంచం పైన పురికొసలు కట్టించి, వాటికి కొమ్మలు వేలాడదీయించారు.

ఇల్లు తుడవడంలో నాకూ అత్తయ్యకీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. నేను రంగులు ఒలకకుండా ఆపాలని చూసేదాన్ని. ఆవిడ ఒలకనిచ్చేది. గదంతా గోనెసంచులు పరిచేది, ఒకదాని అంచు మీద ఒకటి. వాటి మీద ఏం చేసుకున్నా సరే. దీపాలు పెట్టే వేళకి "చాలు, లేవండి," అనేది. పిల్లలిద్దరూ చెరో పక్కా పట్టుకుని గోనె ఎత్తి, పెరట్లోకి తీసుకెళ్ళి ఒకేసారి దులిపేవాళ్ళు. నేల మీదికి దాటిపోయిన వాటి కోసం తడిగుడ్డ ఒకటి. అంతే, కావుకేకలు లేవు. గ్లాసుల గొడవ లేకుండా రంగు నీళ్ళకి ఒక మట్టి మూకుడు నా మంచం పక్కనే పెట్టి, అయిపోయాక ఆవిడే కిటికీలోంచి చిక్కుడు పాదులోకి వంపేసేది. ఇన్నేళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు నేను పడిన హైరానా తల్చుకుని నాకు నవ్వొచ్చింది. కానీ ఇబ్బందులూ లేకపోలేదు. మైదా జిగురుకి చీమలు బారులు కట్టాయి. ఒక బల్లి కాగితపు ఆకుల వెనక కాపురం పెట్టింది. ఫ్యాను రెండో నంబరు కంటే ఎక్కువ పెడితే పూత మొత్తం రాలిపోయేది.

మా ఆయన ఒక సాయంత్రం చాట్రాయి నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. చేతులు వెనక కట్టుకుని, నిజం తోటలో తిరిగినట్టే గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగారు. ఒక కాగితపు గుత్తిని వేళ్ళతో కాస్త ఎత్తి చూశారు.

"పూత బాగానే ఉంది. మంచు పట్టకపోతే కాపు నిలుస్తుంది. తోట ఎవరిదండీ? మాట్లాడాలి."

"నాదీ అక్కదీ," అంది చిన్నది. "అమ్మం."

"ఎందుకమ్మరు?"

"అమ్మ ఉంది కదా లోపల."

ఒక మధ్యాహ్నం గుర్తుంది. మగతలోంచి లేచేసరికి ఎండ పసుపు కాగితాల మీద పడి గదంతా తేనె రంగులో ఉంది. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. పైనుంచి ఒక్కొక్క తురుము వదులై, తిరుగుతూ తిరుగుతూ దుప్పటి మీద వాలుతోంది. నేను ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. నాకు కాలు విరగలేదేమో, నేను చెట్టు కింద పడుకుని ఉన్నానేమో, పిల్లలు ఇంకా పుట్టలేదేమో. కింద గోనె మీద మా అత్తయ్య చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. ఆవిడ చీర మీద, తెల్ల జుట్టు మీద పసుపు తురుము. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక తేనెటీగ కిటికీలోంచి లోపలికి దూరింది. కాగితపు పూత మీద ఒకచోట వాలింది, ఇంకోచోట వాలింది, ఏదో తేడాగా ఉందనుకున్నట్టు కాసేపు గాల్లో ఆగి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అత్తయ్యని లేపి చూపించాలనిపించింది. లేపలేదు.

దాహం వేసింది. మంచినీళ్ళ సీసా ఖాళీ. పిలుద్దామా వద్దా అనుకుంటుంటే, అప్పుడే స్కూలు నుంచి వచ్చిన చిన్నది గుమ్మంలో కనిపించింది. నానమ్మ నిద్రలో ఉందని పెదాల మీద వేలు పెట్టి, నీళ్ళ సీసా వైపు చూపించాను. అది వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు రెండు చేతులా గ్లాసు పట్టుకుని ఉంది. గుమ్మం దగ్గర ఆగి, గ్లాసు వంక కాకుండా ముందు నేల వంక చూసింది. ఒక అడుగు వేసింది. ఆగింది. నేను చెయ్యి చాపలేదు. అది గోనెల మీదుగా, వాళ్ళ నానమ్మ కాళ్ళు దాటి, మంచం దాకా వచ్చి గ్లాసు నా చేతికిచ్చింది. అది సగం కూడా నిండి లేదు. తొణకకుండా ఉండాలని తక్కువ పోసుకున్నట్టుంది.

"ఇంకా కావాలా?" అని గుసగుసగా అడిగింది.

"కావాలి."

మళ్ళీ వెళ్ళింది. అలా ఎన్నిసార్లో తిప్పాను దాన్ని. పొట్ట బరువెక్కి ఇక తాగలేనన్నాక ఆపింది. చివరిసారి వచ్చేటప్పుడు వాకిట్లో పిచ్చుక వంక చూస్తూ నడిచింది.

కట్టు విప్పే రోజు అందరం వెళ్ళాం. కోసే మిషను చప్పుడుకి చిన్నది చెవులు మూసుకుంది. మిషను పట్టుకున్నాయన నా కాలి మీద కొమ్మ చూసి, "ఇంత బాగా వేస్తే ఎలా కొయ్యాలమ్మా?" అన్నాడు. ఎటు నుంచి కోసినా కొమ్మ తెగక తప్పదని, కావాలంటే ఒక ఫోటో తీసుకోమని చెప్పాడు. పెద్దది తీసింది. కోసేటప్పుడు చిన్నది ఏడుస్తుందేమోనని మేమందరం దాని మొహమే చూస్తున్నాం. అది రెండు చెక్కల్నీ చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు రెండు కొమ్మలయ్యాయి," అంది. ఆటోలో రెంటినీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. విప్పిన కట్టు ఇంట్లోకి తీసుకురాకూడదని అత్తయ్య పట్టుబడితే, పెరటి గోడ మీద పెట్టారు. మొదటి వేసవి వానకి కాటుకా పసుపూ కారిపోయి, మెత్తబడి, ఏదో సుద్దముద్దలా తయారైంది. ఎప్పుడు పారేశామో కూడా గుర్తులేదు. చిన్నది అడగలేదు.

ఇంటికొచ్చాక కాలు కింద పెట్టాను. సన్నబడిపోయి, పాలిపోయి, ఎవరిదో కాలులా ఉంది. అరికాలు పసిపిల్లలదంత మెత్తగా ఉంది. మా ఆయన ఒక పక్క, అత్తయ్య ఒక పక్క పట్టుకున్నారు. టైలు చల్లదనం ముందు తగిలింది. దాని తర్వాత గరగరా ఏదో. మెరుపుల పొడి. ఒక థర్మాకోల్ ఉండ వేళ్ళ మధ్య ఇరుక్కుంది. ఒకప్పుడు అది తగిలితే చీపురు కోసం వెతికేదాన్ని. ఆ రోజు ఆ గరుకుని మెల్లగా తొక్కుకుంటూ, ప్రతి గింజా నా పాదానికి తెలుస్తుంటే, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పి అనుకుని అత్తయ్య "చాల్లే, కూర్చో," అంది.

సీజను దగ్గరపడింది. పళ్ళు మాగబెట్టడానికి గదులన్నీ కావాలి. కాగితపు తోట తీసేశాం. మైదా మరకలు గోడల నిండా ఉండిపోతే మా ఆయన సున్నం వేయించారు. అత్తయ్య ఉంగుటూరు వెళ్ళిపోతూ, గోనెసంచులు దులిపి ఎండబెట్టి మడతపెట్టి, "ఇవి కొట్లో కలపకు, పిల్లలవి," అని నా చేతికిచ్చింది. ఇప్పుడు మేం ఫోన్లో మాట్లాడుకుంటాం. ఏం మాట్లాడుకుంటామని మా ఆయన అడుగుతారు. చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. పిల్లలేం చేశారు, ఆవిడ మోకాళ్ళెలా ఉన్నాయి, ఇవే.

నేను కర్ర సాయంతో నడవగలిగాక ఒక పొద్దున్న మా ఆయన మమ్మల్ని ఆటోలో చాట్రాయి తీసుకెళ్ళారు. పూత ఎప్పుడో అయిపోయింది. చెట్ల నిండా పిందెలు, గోలీకాయలంత కొన్ని, నిమ్మకాయలంత కొన్ని. తోటలో నీడ నీలంగా, చల్లగా ఉంది. ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా కింద పడుతోంది. నేను ఒక చెట్టు మొదట్లో కూర్చున్నాను. పెద్దది ఆకులు చేత్తో పట్టుకుని, తను కత్తిరించిన వాటి కొలతలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకుంటోంది. చిన్నది తల పైకెత్తి, చాలాసేపు చెట్టంతా పరిశీలించింది.

"మనం పసుపు ఎక్కువ వేశాం," అంది.

"పూత లేదుగా ఇప్పుడు. అప్పుడు పసుపే," అన్నాను.

"కాదు. ఎక్కువే వేశాం," అని, రాలిన పిందెలు ఏరుకోవడానికి వెళ్ళింది. దూరంగా చెట్ల మధ్య దాని గులాబీ రంగు గౌను ఎండలోకి వస్తూ, నీడలోకి పోతూ ఉంది. కాసేపటికి గౌను ఒడి నిండా పిందెలతో వచ్చింది. తొడిమల దగ్గర సొన కారుతోంది.

"సొన అంటుకుంటే పోదే, మరక పడుతుంది!" అన్నాను.

అది ఒళ్ళో పిందెలన్నీ నా పక్కన కుమ్మరించి, చేతులు గౌనుకి తుడుచుకుని, మళ్ళీ చెట్ల కిందికి పరిగెత్తింది.